తలుపుకాడి వెలుగు

మొన్న మా వంటింట్లో కాలిపోయిన ట్యూబులైటు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ రెండు ఎల్‌ఈడీ బల్బులు చెరో చేతిలో పట్టుకుని, "సార్, వార్మ్ వెయ్యాల్నా, కూల్ వెయ్యాల్నా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పకుండా దేవుడి గూట్లోంచి ఓ పసుపు కొమ్ము తీసి, రెండూ వెలిగించి చూపమన్నాను. ఒకదాని కింద చూశాను, రెండోదాని కింద చూశాను. ఆ తరవాత కొమ్ము పట్టుకుని వీధి తలుపు దాకా వెళ్లి, బయటి వెలుతురులో తిప్పి చూసి వెనక్కి వచ్చాను. అప్పటికే ఆ మనిషి నిచ్చెన మీద నుంచి వంగి మా ఆవిడను మెల్లగా అడుగుతున్నాడు: "సార్ తబియత్ మంచిగనే ఉన్నదా అమ్మా?"

తబియత్ బాగానే ఉంది. ఆ అలవాటే నాది కాదు. మా వీధి చివర పసుపు గోదాము సేటుది. పోయిన వానాకాలంలో ఆయన పోయాడు. అలవాటును ఎవరికీ రాసివ్వలేదు. ఆయన పక్కన నాలుగు రోజులు నిలబడ్డవాడికి అదే అంటుకునేది.

ఆర్మూర్‌లో పసుపు చూడగలిగినవాళ్లకు కొదువ లేదు. ఎండిన కొమ్మును విరిస్తే ఇనుము మోగినట్టు టంగుమనాలన్న సంగతి ఇక్కడ బడిపిల్లలకూ తెలుసు. సేటు దగ్గర చూడవలసింది విరిచిన తరవాత. రైతు సంచి మూతి విప్పగానే లోపలి నుంచి ఓ కొమ్ము తీసేవాడు. చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని విరిచేవాడు. కళ్లు తెరవకముందే నడక మొదలయ్యేది. కిటికీ లేని పొడుగాటి గోదాము అది. ఆ చివర నుంచి ఈ చివర తలుపు దాకా, రెండు ముక్కలూ గుప్పిట్లో పట్టుకుని, ఎవరు పలకరించినా పలక్కుండా వచ్చేవాడు. గడప మీద నిలబడి, ముక్కల మీద ఎండ పడకుండా, వెలుగు మాత్రం పడేలా ఓ పక్కకు ఒరిగి చూసేవాడు. అదీ పొద్దున తొమ్మిదికీ పదకొండుకూ మధ్యలోనే. తొమ్మిదికి ముందు వెలుగు "నిద్రల ఉంటది"; పదకొండు దాటితే "గుడ్లురుముతది."

చూశాక ఒక్క మాట. రంగు నచ్చితే "ఉన్నది." నచ్చకపోతే "చూద్దాం." నలభై ఏళ్ల వ్యాపారంలో ఆయన బాగుందని గాని, బాగోలేదని గాని అనగా విన్నవాళ్లు లేరు. "చూద్దాం" అనిపించుకున్న రైతు మారుమాట్లాడకుండా సంచి మూతి కట్టుకునేవాడు.

"దీపం సాక్ష్యం చెల్లది" అనేది ఆయన వేదం. దీపాలన్నీ ఎవరో ఒకరి తరఫున మాట్లాడతాయని ఆయన నమ్మకం. సాయంత్రం జామపండ్ల బండి దగ్గర ఆగి, "ముందు నీ బల్బు బంద్ వెట్టు, గప్పుడు ధర చెప్పు" అనేవాడు. బట్టల దుకాణంలో భార్య చీర ఎంచుకుంటే, ఆ చీరను భుజాన వేసుకుని నడిరోడ్డు మీదికి వచ్చేవాడు. వెనకాల దుకాణం గుమస్తా పరుగు. నేను విలేకరిని; రోజూ పొద్దున మా పత్రికాఫీసుకు వచ్చి, ఆనాటి పేపరు తీసుకుని, మెట్ల మీదికి పోయి మొదటి పేజీ ఫొటోను ఏటవాలుగా పట్టుకుని చూసి తీర్పు చెప్పేవాడు.

"పేపరాయనా, మీ మంత్రిగారికి కామెర్లొచ్చినయి. ప్రింటింగోళ్లకు ఫోన్ జెయ్యి."

చొక్కా జేబులో పెన్ను ఉండవలసిన చోట ఓ పసుపు కొమ్ము ఉండేది. సరిపోల్చడానికట. ఆయన తెల్ల అంగీలన్నిటికీ ఎడమ పక్క గుండె మీద పసుపు మరక. "ఈయన అంగీలు ఉతుకుడంటే రోజూ పెండ్లి బట్టలు ఉతికినట్టే" అనేది అక్క. ఆమె ఆయన భార్య. నేను అక్కా అని పిలుస్తాను. సేటు తలుపు దాకా నడుస్తుంటే ఆమె కొంగు దోపుకుని, "పోయిండు, కోర్టు కచేరికి పోయిండు" అనేది.

వ్యాపారం మానేసి గోదాము ఖాళీ పెట్టిన ఏడాది, ఎండాకాలం చివర, భీమ్‌గల్ వైపు నుంచి ఓ రైతు వచ్చాడు. సేటు ఆయన్ను పటేలా అని పిలిచేవాడు. చేతిలో తువ్వాలు మూట. విప్పితే తొమ్మిది పసుపు కొమ్ములు. ఉడకబెట్టనివి, విత్తనానికి దాచినవి. నేనప్పుడు అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాను.

"చేన్ల దుంపకుళ్లు వడ్డది సేటూ. రెండేండ్లు మక్కజొన్న వేస్త, పసుపు బంద్. గిది మా తాత నాటి విత్తనం. గీ తొమ్మిదే మిగిలినయి."

"అయితే?"

"ఇంట్ల వెడితే ఎండిపోతయి. చేన్ల వెడితే కుళ్లిపోతయి. ఎవరికిద్దామన్న అందరి మట్టి గట్లనే ఉన్నది. నువ్వు జిందగీ అంత ఇరిచినవు. ఒక్కసారి బతికిచ్చి సూపెట్టు."

సేటుకు ఆ పసుపు తెలుసు. కొత్త రకాలు సంచులు నింపుతున్నాయని రైతులందరూ అటు మళ్లినా, ఆ పటేలు ఒక్కడు ఆ పాత రకాన్ని వదలలేదు. సేటు జేబులోని కొమ్ము ఆ చేనిదే. ఊళ్లోని రంగులన్నీ ఆయన దానితోనే పోల్చేవాడు. ఆ విత్తనం పోతే ఆయన కొలబద్ద పోయినట్టే. తొమ్మిదీ లెక్కపెట్టుకుని తీసుకున్నాడు.

"నలభై ఏండ్లు పసుపుల బతికిండు, ఒక్క కొమ్ము మొలిపిచ్చింది లేదు" అంది అక్క.

కొత్త మట్టి తెప్పించి, తొమ్మిది కుండీల్లో పెట్టి డాబా మీద వరసగా పేర్చాడు. నెల తిరిగేసరికి మొలకలు సూదుల్లా లేచాయి. అప్పుడు కోతులు వచ్చాయి. ఒకటి మొలకను పీకి, కింద ఉన్న దుంపను వాసన చూసి, అవతల పారేసి, పక్క కుండీకి జరిగింది. మేం కర్రలతో పైకి చేరేసరికి నాలుగు కుండీలకు తీర్పు అయిపోయింది.

"గవి సుత మాలు చూస్తున్నయి!" అన్నాడు సేటు, కోపంలో కూడా వృత్తి గౌరవం మానకుండా.

"తలుపుకాడికి తీస్కపోలే. గంతే తేడా" అంది అక్క.

మిగిలింది అయిదు. ఆ సాయంత్రమే కుండీలు గోదాములోకి దిగాయి. అక్కడికి కోతి రాదు. ఎండా రాదు.

"మరి ఎండ ఎట్ల సేటూ?" అన్నాను.

"కొందాం" అన్నాడు.

మర్నాడు పొద్దున మేమిద్దరం పాత బస్టాండు దగ్గరి కరెంటు సామాన్ల దుకాణానికి వెళ్లాం. "తమ్మీ, ఒక ఎండ కావాలె" అన్నాడు సేటు. దుకాణదారు ఏమాత్రం తొణక్కుండా, "ఎన్ని వాట్లది సేటూ?" అన్నాడు. కౌంటరు మీద బల్బులు వరసగా వెలిగాయి. సేటు జేబులోంచి కొమ్ము తీసి విరిచి, ఒక్కో బల్బు కింద పెట్టి చూడటం మొదలుపెట్టాడు. తెల్లదాని కింద కొమ్ము పాలిపోయింది. నీలి ఛాయ ఉన్నదాని కింద జబ్బుపడింది.

"బల్బు కొంటున్నవా, పసుపు కొంటున్నవా సేటూ?"

"నువ్వు వెలిగియ్యి."

చివర్న మిఠాయి దుకాణాల్లో జిలేబీ పళ్లెం మీద వేలాడదీసే రకం, ముదురు పసుపు రంగు బల్బు వెలిగింది. దాని కింద కొమ్ము బంగారంలా మెరిసింది. సేటు చాలాసేపు చూశాడు. "ఉన్నది" అన్నాడు.

ఒక బల్బు కింద ఆయన ఆ మాట అనడం అదే మొదలు. నాకు ఎక్కడో తేడా కొట్టింది. కానీ రంగు విషయంలో ఆయనకు చెప్పేవాడు ఆర్మూర్‌లో ఇంకా పుట్టలేదు గదా అని ఊరుకున్నాను.

ఇరవై రోజుల్లో మొక్కలు సాగాయి. మూరెడు పొడుగు, గడ్డిపోచంత కాడ, తెల్లబారిన ఆకులు. చాలా రోజులు ఉపవాసం ఉన్నవాళ్లు గోడకు ఆనుకున్నట్టు ఒకదాని మీద ఒకటి వాలాయి. సేటు వాటిని రోజూ పొద్దున తలుపు దగ్గరకు మోసుకొచ్చి చూసి, ఏమీ అనకుండా లోపల పెట్టేవాడు. ఎండ లేకుండా మొక్క పెరుగుతుందో లేదో చూడటానికి మొక్కను ఎండలోకి తెస్తున్నాడని వీధంతా నవ్వింది. నవ్వు ఆగకముందే రెండు కుండీల్లో దుంప మెత్తబడింది. అయిదు మూడయ్యాయి.

అప్పుడు నాకు తెలిసిన వ్యవసాయాధికారిణిని తీసుకొచ్చాను. చిన్న వయసు, మాట నిక్కచ్చి. లోపలికి రాగానే పైకి చూసింది.

"ఈ బల్బు ఎవరు సెలెక్ట్ చేసిన్రు?"

"నేనే మేడం. దీని కింద పసుపు మస్తు రంగు కొడుతది."

"సేటు గారూ, మీరు కొమ్ముకు ఏది అందమో చూసిన్రు. ఆకుకు ఏది అన్నమో చూడలే. ఆకు ఎక్కువ తినేది ఎరుపు, నీలం. ఈ బల్బుల నీలం దాదాపు లేనే లేదు. నీలం లేకుంటే కాడ ఇట్లనే సాగుతది. వెలుగు సుత చాల్లేదు."

"మరి ఆకు పచ్చగున్నది గదా? పచ్చరంగు తినదా?"

"కొంచెం తింటది. మిగతా రంగుల కంటే పచ్చనే ఎక్కువ వెనక్కి కొడుతది. అందుకే మనకు పచ్చగ కనబడుతది."

సేటు ఖాళీ గోనెసంచుల మీద కూర్చున్నాడు. "అంటే... మనం చూసే పచ్చ, అది వద్దని వాపస్ చేసిన మాలా?"

"అట్లనే అనుకోండి."

"ఆరి! ఇన్నేండ్లు వాపస్ మాలు చూసి చేను మంచిగున్నదని మెచ్చుకున్నన్నా నేను!" అని పెద్దగా నవ్వాడు. ఆమె వెళ్లిపోయాక నవ్వు ఆగింది. నిచ్చెన వేసుకుని ఆ పసుపు రంగు బల్బును తనే విప్పాడు. చేతిలో పట్టుకుని నాతో అన్నాడు: "జామపండ్లు అమ్మెటోని బల్బు నేను బంద్ వెట్టిచ్చిన. నా బల్బు బంద్ వెట్టెటోడు లేకపాయె పేపరాయనా."

ఆ రోజు నుంచి మనిషి మారాడు. "వెలుగు కొనేది ఆకు. మధ్యల దలాల్ ముచ్చట ఎవడడిగిండు?" అన్నాడు. ఎరుపూ నీలమూ కలిసిన దీపం తెప్పించాడు. అది వెలిగేసరికి గోదాము మొత్తం ఊదా రంగు నీళ్లలో మునిగినట్టయింది. ఆకులు నల్లగా, గోడలు వంకాయ రంగులో, మా ముఖాలు మేమే గుర్తుపట్టనట్టు. అలవాటు కొద్దీ సేటు జేబులోంచి కొమ్ము తీసి చూశాడు. ఎర్రగా ఉంది.

"పసుపును కుంకుమ జేసింది గదా! గిదేం దీపం?"

"మంచిదే. ఒక్క కొమ్ముతోని రెండు పనులు" అంది అక్క.

ఆయనకు ఆ దీపం మీద అసహ్యం. అయినా మొక్కలు నిలదొక్కుకున్నాయి. కొత్త ఆకు పొట్టిగా, గట్టిగా వచ్చింది. దాంతో సేటు పూర్తిగా లొంగిపోయాడు. కుండీలను తలుపు దాకా మోసుకురావడం మానేశాడు. తల దించుకుని వెళ్లి, వేలితో మట్టి తడి చూసి, నీళ్లు పోసి వచ్చేసేవాడు. "కొనేటోనికి నచ్చింది. నా కన్నుతోని ఏం పని?" అనేవాడు. తొమ్మిది గంటల వేళ ఆ గడప మీద మనిషి లేకపోవడం మాకే వెలితిగా ఉండేది.

షట్టర్ కింది సందులోంచి మాత్రం ఊదా వెలుగు వీధిలోకి కారేది. బతుకమ్మ దగ్గర పడుతున్న రోజులు. పండగ లైటింగని మొదట కొందరన్నారు. చేతబడి అని మరికొందరు. చాయ్ హోటల్లో ఆ మాట గంజాయి దాకా వచ్చింది. మా డెస్కు నుంచి నాకు ఫోను: "మీ వీధిల ఏదో ఊదా రంగు గోదాము ఉన్నదట గదా, వార్తేమన్న ఉన్నదా?" నేను జవాబు వెతుక్కుంటుండగానే గోదాము ముందు జీపు ఆగింది. పరుగెత్తాను.

ఎస్సై నింపాదిగా ఉన్నాడు. ఊదా వెలుగులో మూడు నల్లటి మొక్కల ముందు నిలబడి ఉన్నాడు. "ఏం పెంచుతున్నరు సేటూ?"

"పసుపు సార్."

"నల్లగున్నయి గదా."

"దీపం సాక్ష్యం చెల్లది సార్" అన్నాడు సేటు. చాలా రోజుల తరవాత ఆ మాట. ఆకు అంచు తుంచి ఎస్సై ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన చూడుండ్రి. రంగు చూడాల్నంటే గిప్పుడు కాదు. పొద్దున తొమ్మిదింటికి రాండ్రి."

ఆర్మూర్‌లో పోలీసులకు ఎవరూ అలా టైమిచ్చి ఉండరు. వెనకాల కానిస్టేబుల్‌కు దగ్గు వచ్చింది. ఎస్సై వాసన చూశాడు, నవ్వు ఆపుకున్నాడు, "సరే, తొమ్మిదికే వస్త" అన్నాడు.

వచ్చాడు కూడా. సేటు మూడు కుండీలూ గడప మీద పెట్టి, పక్కకు ఒరిగి నిలబడ్డాడు. ఎస్సై ఒక్క చూపులో, "పసుపే. మాది నందిపేట్ దిక్కు. నాకు తెల్వదా" అన్నాడు. వెళ్లబోయి ఆగి, వంగి, కింది ఆకు ఒకటి తిప్పి చూశాడు.

"సేటూ, గీ మచ్చలేంది?"

గోధుమ రంగు మచ్చలు, చుట్టూ పసుపు రంగు అంచు. రెండు కుండీల్లో కింది ఆకుల నిండా ఉన్నాయి. మూడోదానిలో అప్పుడే మొదలవుతున్నాయి.

"ఆకుమచ్చ తెగులు. మా నాయిన చేన్ల చూసిన. గీ కాడికి వచ్చేదాక చూడలేదా?"

ఊదా దీపం కింద ఆకంతా నలుపే. మచ్చా నలుపే. సేటు గడప మీద కూలబడ్డాడు. ఆయన ముఖం అలా వాడిపోవడం నేను మళ్లీ చూడలేదు. "పదిహేను రోజులాయె సార్" అన్నాడు. "పదిహేను రోజులు నేను తలుపు మొఖం చూడలే."

ఆ రోజే మచ్చపడ్డ ఆకులు కోసి కాల్చేశాడు. అధికారిణి చెప్పిన మందు కొట్టాడు. మధ్యాహ్నానికి మళ్లీ కరెంటు దుకాణంలో ఉన్నాం.

"ఇంకో ఎండ కావాలె తమ్మీ."

"మొన్నటిది ఏమైంది సేటూ? అస్తమించిందా?" అని దుకాణదారు ఓ తెల్ల దీపం కిందికి దించాడు. "ఫుల్ స్పెక్ట్రం అంటరు దీన్ని. ఎండల ఉన్న రంగులన్నీ దీంట్ల సుత ఉంటయట."

"ఎవలు చూసి చెప్పిన్రు?"

"డబ్బా మీద గీత ఉన్నది చూడు, కొండల లెక్క."

సేటు ఈసారి కొమ్ము తీయలేదు. ముందు అధికారిణికి ఫోన్ చేయించి, డబ్బా మీది గీత ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో నాతో చదివించాడు. నీలం దగ్గర ఒక కొండ, ఎరుపు దాకా వెడల్పాటి ఇంకో కొండ. ఆమె సరేనన్నాక అప్పుడు జేబులో చెయ్యి పెట్టాడు. కొమ్ము పసుపుగానే కనిపించింది. పక్కన పెట్టిన ఆకు ఆకులాగే కనిపించింది. "ఆకుకూ నచ్చాలె, నా కంటికీ ఆనాలె. ఇద్దరం కొనేటోళ్లమే" అన్నాడు. అయినా "ఉన్నది" అనలేదు. దీపాలకు ఆ మాట వాడటం అంతటితో మానుకున్నాడు. దీపం ఎంత మంచిదైనా, మర్నాటి నుంచి తొమ్మిదింటికి కుండీలు మళ్లీ గడప మీదికి వచ్చాయి. ఈసారి వీధిలో ఎవరూ నవ్వలేదు. ఎస్సై జీపు అటు వెళ్తే కాస్త మెల్లగా వెళ్లేది.

మూడూ బతికాయి. చలికాలం చివర ఆకులెండాక పటేలు వచ్చాడు. గోనెపట్టా పరిచి కుండీలు బోర్లించారు. పొట్టి కొమ్ములు, అన్నీ కలిపితే నాలుగు గుప్పెళ్లు.

"ఇరిచి సూడు సేటూ" అన్నాడు పటేలు.

సేటు ఒక కొమ్ము తీసుకుని తలుపు దగ్గరకు నడిచాడు. బొటనవేలు కొమ్ము మధ్యలో ఆనింది. మేమంతా చూస్తున్నాం. ఎంతకీ విరవలేదు. తిరిగొచ్చి దాన్ని మిగతావాటి పక్కన పెట్టాడు.

"ఇరిస్తె ఒకటి తక్కువైతది పటేలా."

"రంగు తెల్వద్దా మరి?"

"చూద్దాం."

పాపం, పటేలు ముఖం మాడిపోయింది. సేటు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "పిచ్చోడా, మాలు చూసి అన్న మాట కాదది. పండిచ్చి తే, చూద్దాం."

పటేలు ఆ విత్తనాన్ని ఇందల్వాయిలో తన చెల్లెలు ఆ ఏడే కట్టుకున్న ఇంటి వెనక, పసుపు ఎరగని మట్టిలో పెట్టాడు. ఆ వానాకాలంలోనే సేటు దవాఖానలో పడ్డాడు. నేను చూడబోయిన రోజు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖంలోకి రంగు తిరిగి వచ్చిందని డాక్టరు చెప్పాడని అక్క సంబరంగా చెప్పింది. సేటు నన్ను దగ్గరకు రమ్మని సైగ చేశాడు.

"ట్యూబులైటు కింద చూసి చెప్పిండు పేపరాయనా. జర తలుపుకాడికి తీస్కపోయి చూడుమను."

నవ్వాను. డాక్టరుకు చెప్పలేదు. మూడో రోజు ఆయన పోయాడు.

ఈ మార్చిలో పటేలు వచ్చాడు. భుజాన చిన్న సంచి. విత్తనానికి కావలసింది పక్కన పెట్టి, మిగిలింది ఉడికించి, ఎండబెట్టి తెచ్చాడు. గోదాము మూసి ఉంది. అక్కను పిలిస్తే తాళంచెవి తెచ్చింది, షట్టర్ నేను ఎత్తాను. లోపల ఆ తెల్ల దీపం ఇంకా వేలాడుతోంది. దాని కింద ఖాళీ కుండీలు మూడు.

పటేలు సంచి మూతి విప్పాడు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి అక్కే వంగి ఓ కొమ్ము తీసింది. జీవితమంతా ఆయన్ను వెక్కిరించిన మనిషి. చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. టంగుమంది. గోడ మీద స్విచ్ వైపు నా చెయ్యి వెళ్లింది.

"దీపం ఎందుకు?" అంది.

రెండు ముక్కలూ గుప్పిట్లో పట్టుకుని గోదాము ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. గడప మీద నిలబడి, ఓ పక్కకు ఒరిగింది. తొమ్మిదిన్నర కావస్తోంది. పటేలు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అక్క మా వైపు తిరగకుండానే అంది.

"ఉన్నది."